ఊపిరి యంత్రం బిళ్ళ

ఒక రాజుగారి ఆసుపత్రిలో వస్తువులు కనపడకుండా పోయేవి. ఏడాదిపాటు వెతికిన చక్రాల కుర్చీ చివరికి వంటశాలలో దొరికింది, ఉల్లిపాయల బస్తా మోస్తూ. దానికి అదే బాగున్నట్టుంది, చక్రాలు కిర్రుమనడం కూడా మానేసింది. వస్తువులు మనుషులకంటే త్వరగా సర్దుకుంటాయి. అది అలా ఉంచుదాం.

రాజు ప్రతి వస్తువుకూ ఒక బిళ్ళ తగిలించి, కొలువులో పెద్ద అద్దాల గోడ కట్టించాడు. ఏ బిళ్ళ ఎక్కడుంటే గోడమీద అక్కడ పచ్చటి చుక్క వెలిగేది. వస్తువు వణికినా వేడెక్కినా చుక్క ఎర్రబడేది. వెంటనే నలుగురు మరమ్మతు మనుషులు పరుగెత్తేవారు. రోగులకు మాత్రం బిళ్ళలు లేవు. వాళ్ళనెవరు ఎత్తుకుపోతారు అన్నాడు మంత్రి.

ఆ ఆసుపత్రిలో ఒక పాత అలవాటుంది. మంచి వస్తువు వస్తే పక్క వార్డువాళ్ళు పట్టుకుపోతారని పెద్ద నర్సమ్మ దాన్ని బీరువాలో దాచి, తాళంచెవి నడుముకు దోపుకునేది. మూడో వార్డు నర్సమ్మ కొత్త ఊపిరి యంత్రాన్ని అలాగే దాచింది. గోడకు అనుమానం రాకుండా దాని బిళ్ళ ఊడదీసి, కిటికీ మేకుకు వేలాడదీసింది.

ఆ కిటికీ కింద మంచంమీద ఒక కళాయి పోసేవాడు ఆయాసంతో పడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు గిన్నెలకు కళాయి పోసి పొగ మింగినవాడు. అన్నేళ్ళూ పక్కన కూర్చుని కొలిమితిత్తి ఆడించిన అతని భార్య, తొమ్మిది రోజులుగా మంచం పక్కన నేలమీదే ఉంది. ఊపిరి యంత్రం పెట్టకపోతే మనిషి దక్కడని నర్సమ్మను బతిమాలింది. యంత్రం కిటికీ దగ్గరే ఉందని గోడ చెబుతోంది, గోడమీద ఉన్నదాన్ని మళ్ళీ అడగకూడదు అంది నర్సమ్మ.

ఆమె కిటికీ దగ్గర వెతికింది. బిళ్ళ తప్ప ఏమీ లేదు. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఇచ్చే తాయెత్తు ఇదే కాబోలనుకుని, నల్లదారం ఎక్కించి మొగుడి జబ్బకు కట్టింది.

గోడమీద చుక్క ఎర్రబడింది. నలుగురూ వచ్చి బిళ్ళను చూశారు.

“యంత్రం వేడెక్కింది,” అన్నాడు మొదటివాడు.

“గాలి సరిగా ఆడటం లేదు,” అన్నాడు రెండోవాడు, కళాయివాడి గుండెకు చెవి ఆనించి.

నేను యంత్రాన్ని కాదు బాబూ అని కళాయివాడు గొణిగాడు. లోపలినుంచి శబ్దం కూడా వస్తోందని మూడోవాడు రాసుకున్నాడు. నాలుగోవాడు గాలి సిలిండరు తేవడానికి పరుగెత్తాడు.

ఆపైన గంటకోసారి తుడిచారు. పక్కకు తిప్పారు. వైద్యుణ్ణి పిలిచి మందులు పోయించారు. రెండు వారాలకు కళాయివాడు లేచి నడిచాడు. మన ఊపిరి యంత్రం ఇంత బాగా ఎన్నడూ పనిచేయలేదని రాజు గోడను మెచ్చుకున్నాడు.

మొగుడూ పెళ్ళాం ఇంటికి బయలుదేరితే గేటు దగ్గర గంట మోగింది. ఆసుపత్రి సామాను బయటికి పోకూడదన్నాడు కాపలావాడు. భార్య దారం విప్పబోతే కళాయివాడు చెయ్యి లాక్కున్నాడు.

“ఇది తీసేస్తే నన్నెవరు చూస్తారే?”

“ఇన్నాళ్ళూ ఎవరు చూశారయ్యా?”

అతను చెయ్యి చాపాడు. ఆమె దారం విప్పింది. అతను గేటు దాటి పది అడుగులు వేశాక, పక్కన మనిషి లేదని తెలిసి వెనక్కి తిరిగాడు.

ఆమె గేటు లోపలే నిలబడి, పళ్ళతో ముడి బిగిస్తూ, బిళ్ళను తన జబ్బకు కట్టుకుంటోంది. తిత్తి ఆడించి ఆడించి ఆ చెయ్యి ఎన్నేళ్ళనుంచో వణుకుతోంది.

“బియ్యం చిన్న డబ్బాలో ఉన్నాయి,” అంది మొగుడితో. “రాళ్ళు ఏరుకుని వండుకో.”

లోపలినుంచి నలుగురూ పరుగెత్తుకొస్తున్నారు. ఆమె అక్కడున్న బల్లమీద పడుకుని, కళ్ళు మూసుకుంది.