తెరచాప దించిన పడవ

ఆ తల్లికి ఏం చెప్పాలో ఇద్రీస్‌కి తోచడం లేదు. రెండు రోజులుగా పడవలో కూర్చుని అదే ఆలోచన.

నిజానికి ఇద్రీస్ మాటలకి తడుముకునే మనిషి కాడు. సూఫీ గురువు కాసిం బాబా వెంట పన్నెండేళ్లుగా పగడపు దీవులన్నీ తిరుగుతున్నాడు. ఎక్కడ దిగినా శుక్రవారం ప్రసంగం అతనిదే. బాబా నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటే, ఇద్రీస్ గంటసేపు మాట్లాడి జనాన్ని ఏడిపించేవాడు. ఏడిపించగలిగానని లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

మొన్న మధ్యాహ్నం ఆకాశం ఓ పక్క నల్లబడింది. తెరచాప దించేద్దామన్నాడు పడవ నడిపే మూసా. ముప్పై ఏళ్లవాడు, నీళ్ల మీదే పెరిగినవాడు. బాబా జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడు. ఇద్రీస్ మాత్రం ఒప్పుకోలేదు. మర్నాడు శుక్రవారం నమాజు వేళకి పెద్ద దీవి చేరాలి, అక్కడ తన మాట కోసం జనం ఎదురుచూస్తుంటారు.

"దేవుడి పని మీద పోతున్నాం, ఆయనే చూసుకుంటాడు. ఉండనీ" అన్నాడు.

మూసా వెళ్లి చుక్కాని దగ్గర కూర్చున్నాడు. కాసేపటికే గాలి ఒక్కసారిగా తిరిగింది. తెరచాప అడ్డకర్ర విసురుగా వచ్చి మూసా తలకి తగిలింది. నీళ్లలో పడ్డవాడు మళ్లీ పైకి రాలేదు. చీకటి పడేదాకా ఆ చుట్టుపక్కలే వెతికారు. ఆ తర్వాత బాబాయే జ్వరంతో లేచి చుక్కాని పట్టుకున్నాడు.

ఇప్పుడు వెళ్తున్నది మూసా దీవికి. అక్కడ వాళ్లమ్మ జైనబ్ ఒక్కతే ఉంటుంది.

"బాబా, ఇలా చెప్తే ఎలా ఉంటుంది? 'అమ్మా, ఇచ్చినవాడే తీసుకున్నాడు. మనం ఎంతటివాళ్లం?'"

"ఇంకా?" అన్నాడు బాబా.

"'నీ కొడుకు అదృష్టవంతుడు. గురువు సేవలో పోయాడు.'"

"ఇంకా?"

ఇద్రీస్ చూపు తిప్పుకున్నాడు. ఆ రోజు బాబా ముసుగులో నిద్రపోతున్నాడో, మేలుకుని అంతా విన్నాడో అతనికి తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

దూరాన కొబ్బరిచెట్లు కనబడ్డాయి. బాబా లేచి తెరచాప దించేశాడు.

"గాలి బాగానే ఉంది కదా బాబా! గంటలో చేరిపోతాం."

"ఇక్కడి పద్ధతి ఇది. చావు కబురు తెచ్చే పడవ తెరచాపతో రాకూడదు. దూరం నుంచే తెడ్లు వేసుకుంటూ రావాలి."

"ఎందుకని?"

"పడవ ఒడ్డుకి తగిలేదాకా ఆ తల్లి నవ్వుతూ నిలబడకూడదని."

బాబా ఒక తెడ్డు అతని చేతికిచ్చి రెండోది తను తీసుకున్నాడు. ఎండ మాడిపోతోంది. ఇద్రీస్ అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. తిరిగి చూసినప్పుడల్లా ఒడ్డున జనం పెరుగుతున్నారు. సముద్రం మీదికి మనిషిని పంపిన ప్రతి ఇంటివాళ్లూ వచ్చి నిలబడ్డారు. కొంతసేపటికి, పడవ ఎవరిదో గుర్తుపట్టారేమో, ఓ ఆడమనిషి ఏడుపు వినిపించింది. చాలాసేపు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. ఇద్రీస్ కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

పడవ చేరేసరికి జైనబ్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. అంచు పట్టుకుని, చుక్కాని దగ్గర ఖాళీగా ఉన్న చోటు చూసింది. తర్వాత ఇద్రీస్‌ని చూసింది.

"నా కొడుకు గాలిని పసిగట్టకుండా ఉండడు. తెరచాప దించుదామన్నాడా, నాయనా?"

ఇద్రీస్ బాబా వైపు తిరిగాడు. బాబా తల వంచుకుని తెడ్లకి తాడు కడుతున్నాడు.

"అన్నాడమ్మా" అన్నాడు ఇద్రీస్. మళ్లీ అన్నాడు. "అన్నాడు. నేనే వద్దన్నాను."

ఆమె పడవ అంచు వదిలేసి, తడిసిన బట్టలతోనే ఇంటివైపు నడిచింది.

ఇద్రీస్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుపు తగ్గాక, "ఇక పోదామా బాబా?" అన్నాడు.

బాబా అతని సంచి తీసి ఇసుక మీద పెట్టాడు.

"నేను పోతాను. నువ్వుండు. ఆవిడ అడగాల్సినవి ఇంకా ఉంటాయి."