దాదాపీర్ ఉపవాసం విడిచిన సాయంత్రం

దాదాపీర్ సభల్లో లోకాన్ని దులిపేసేవాడు. ప్రేమకు సంకెళ్లు వేసే సమాజం కూలిపోవాలనేవాడు. తను ప్రేమించిన తాహెరాతో మాత్రం ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఆమె టీచరు ఉద్యోగం వచ్చి నంద్యాల వెళ్లిపోయింది. ఏళ్లు గడిచాయి.

రంజాన్ నెలలో ఒక సాయంత్రం తాహెరా తల్లితో కలిసి పెన్న ఒడ్డు దర్గాకు వచ్చింది. మర్నాడు ఆమెకు పెళ్లిచూపులు. "ఇఫ్తార్ కాగానే బస్సెక్కుతాం. మీ శిష్యుడు చెప్పేదేమైనా ఉంటే ఈలోపే చెప్పమనండి" అని దాదాపీర్ గురువు కాలేషా బాబాతో అంది.

బాబా ఆ మాట చేరవేశాడు. దాదాపీర్ ఆమె దగ్గరికి వెళ్లలేదు. ఇఫ్తార్ వరసలో ఆయన పక్కనే కూలబడ్డాడు. ఎదురుగా గ్లాసుడు నీళ్లు, ఆకులో ఒక ఖర్జూరం.

"ఇప్పుడు ఏ మొహంతో చెప్పను బాబా? ఎన్నేళ్లు పోగొట్టుకున్నాను! ఆ రోజు స్టేషన్లో రైలు కదిలేదాకా చెబుదామనే ఉన్నాను. ఈ వ్యవస్థ నా నోరు నొక్కేసింది."

"వ్యవస్థ కూడా స్టేషన్‌కొచ్చిందా?" అన్నాడు బాబా.

వరసంతా నవ్వింది. దాదాపీర్ ఆగలేదు. ఆమె కిటికీ పక్కన కూర్చోవడం, పచ్చ దుపట్టా, ప్లాట్‌ఫారం చివర తను నిలబడిపోవడం, అన్నీ చెప్పుకుంటూ పోయాడు.

అజాన్ వినిపించింది. పొద్దుటినుంచి మంచినీళ్లయినా ముట్టని వాళ్లంతా బిస్మిల్లా అని ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. అజాన్ పడ్డాక ఉపవాసం విడవడానికి ఆలస్యం చేయకూడదని పసిపిల్లలకూ తెలుసు. దాదాపీర్ ఇంకా రైలు వెనకాలే చూస్తున్నాడు.

బాబా చెయ్యి చాపి అతని ఆకులోని ఖర్జూరం తీసుకుని తినేశాడు.

"బాబా! అది నాది!"

"తెలుసు బేటా."

"అజాన్ అయిపోయిందా?"

బాబా తాపీగా గింజను ఆకులో పెట్టాడు. "మాకు అయింది. నీకింకా రైలే కదల్లేదుగా."

ఈసారి దాదాపీర్ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. పరదా అవతల ఆడవాళ్లు లేస్తున్న చప్పుడు. గబగబా నీళ్లు తాగి లేచాడు.

"ఎక్కణ్నుంచి మొదలుపెట్టను బాబా?"

"ఆమె పేరు నుంచి. ఉపన్యాసం వద్దు."

గేటు దగ్గర తాహెరా ఒక కాలికి చెప్పు తొడుక్కుంది.

"తాహెరా!"

ఆమె రెండో చెప్పు తొడుక్కోలేదు.