పక్కపక్కన రెండు పెట్టెలు

నా దగ్గర పద్దెనిమిది లక్షల నలభై వేల రూపాయలున్నాయి. మా గురువుగారి దగ్గర రెండు పెట్టెలున్నాయి. ఈ రెంటికీ సరిపడే కారు ఏది అన్నదే ఆ రోజు నేను ఆయన్ని అడిగిన ప్రశ్న.

ప్రశ్న అడిగితే గురువుగారు బదులు చెప్పరు. "తెర కట్టు" అంటారు. నంజుండరావు గారి దగ్గర తోలుబొమ్మలాట నేర్చుకున్న అందరికీ ఈ అలవాటు తెలుసు. పెళ్లి చేసుకోవాలా వద్దా అని అడిగినవాడి చేత కూడా తెర కట్టించారట. అతను తెర కట్టాడు, చూశాడు, విప్పి మడతపెట్టాడు, ఇంటికెళ్లి పెళ్లి చేసుకున్నాడు. ఏం చూశాడో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నేను బొమ్మలాడించే వంశంలో పుట్టినవాణ్ణి కాను. నా పేరు తిప్పేస్వామి, మాది హిందూపురం. కాలేజీలో లెక్కలు గబగబా చేసేవాణ్ణి. ఒకసారి ఆట చూసి, ఆయన వెంటపడ్డాను. బొమ్మ పట్టుకోవడం నేర్చుకుంటూనే, తోలుతో దీపాల తొడుగులు చేయించి ఫోనులో అమ్మే వ్యాపారం మొదలుపెట్టాను. పైన చెప్పిన డబ్బు అందులోంచి వచ్చిందే. ఎవరూ ఇచ్చింది కాదు.

కారు అవసరం ఇలా వచ్చింది. బెంగుళూరు అవతల కొండ కింద ఒక రిసార్టు ఉంది. ఏడాది పొడుగునా ప్రతి శనివారం సాయంత్రం మా ఆట పెట్టుకుంటామని వాళ్లు మాట ఇచ్చారు. మా జట్టులో నలుగురం. గురువుగారు, పాట పాడే ఆయన కూతురు రుక్మాబాయి అక్క, మద్దెల వాయించే ఈరన్న, నేను. ఆ ఒప్పందం నిలబడితే నలుగురికీ ఏడాది గడిచిపోతుంది. మొదటి శనివారం మా అద్దె వ్యాను దారిలోనే ఆగిపోయింది, ఆట పోయింది. రెండో శనివారం వేళకే చేరాం. కానీ ఆ వ్యానును చూసిన కాపలావాడు మమ్మల్ని అడగనైనా అడగకుండా వంటింటి వైపు గేటు చూపించాడు. కూరగాయల బస్తాల మధ్య నుంచి రాముణ్ణి మోసుకెళ్లాం. గురువుగారు బస్తాలు తప్పించుకుంటూ నడిచారు. నేను మాత్రం అక్కడే పట్టుబట్టాను. కొంటే ఖరీదైన కారే కొనాలి, దాన్ని చూసి వాళ్లే ముందు గేటు తీయాలి.

అందరూ జీపులాంటి ఎత్తు బండి కొనమన్నారు. ఎత్తు బండిలోకి పెట్టెను ఛాతీ దాకా లేపాలి, గురువుగారి వయసుకి అది కుదరదు. నేను ఎస్టేటు కారు కొంటానన్నాను. మామూలు కారే, కానీ పైకప్పు చివరిదాకా సాగి ఉంటుంది. డిక్కీ ఉండాల్సిన చోట చిన్న గదిలా ఉంటుంది. నేల కిందికి ఉంటుంది. అన్నింటికంటే ముఖ్యం, మనుషులూ బొమ్మలూ ఒకే కప్పు కింద ప్రయాణిస్తారు. బొమ్మల్ని ఒక బండిలో పంపించి మనం ఇంకో బండిలో పోవడం గురువుగారి దగ్గర లేదు.

పెట్టెల సంగతి కూడా చెప్పాలి. ఒకటి రాముడిది, ఒకటి రావణుడిది. దేవతలూ వానరులూ ఒకదాంట్లో, లంకవాళ్లంతా రెండోదాంట్లో. విభీషణుడొక్కడే ఇద్దరివాడు. ఆటకి పోయేటప్పుడు రావణుడి పెట్టెలో పోతాడు. ఆట అయ్యాక రాముడి పెట్టెలో తిరిగొస్తాడు. ఆయన్ని పెట్టె మార్చేదాకా ఆట ముగిసినట్టు కాదు. మా దగ్గర చేరిన కొత్తవాడు మొట్టమొదట నేర్చుకునేది ఇదే.

బెంగుళూరులో పాత కార్లు అమ్మే ఒక యార్డులో నాకు మూడు ఎస్టేట్లు దొరికాయి. తెల్లది, నల్లది, బూడిదరంగుది. జాగాకి నలభై మార్కులు, ఆగిపోకుండా నడిచే నమ్మకానికి ముప్పై ఐదు, పికప్‌కి ఇరవై ఐదు పెట్టుకుని లెక్క వేశాను. తెల్లది అన్నింటికంటే వేగం, కానీ చిన్న రిపేరొచ్చినా సామాను విదేశాల నుంచి రావాలి. నల్లదాని డిక్కీ ఆరు వందల నలభై లీటర్లు, పికప్ కూడా బాగుంది. బూడిదరంగుది పాతది, ఐదు వందల లీటర్లే, ఎక్కుడు దారిలో మెల్లిగా లాగుతుంది, అయితే ఎప్పుడూ మొరాయించింది లేదట. నా లెక్కలో నల్లదానికి ఎనభై నాలుగు, తెల్లదానికి డెబ్బై ఏడు, బూడిదరంగుదానికి డెబ్బై ఒకటి వచ్చాయి. అయినా అడగడం మర్యాద కదా అని అడిగాను.

"సామీ, మూడింట్లో ఏది తీసుకుందాం?"

"తెర కట్టు" అన్నారు.

ఈరన్నా నేనూ మేం ఆట సాధన చేసే షెడ్డు తలుపులు మూసి తెర కట్టాం. వెనక దీపం వెలిగించాం. గురువుగారు రాముడి బొమ్మను తెరకి ఆనించారు. ఎరుపూ పచ్చా గుడ్డ మీద మెరిశాయి. తరువాత రావణుడి బొమ్మను తీసి, సరిగ్గా రాముడి మీద పడేలా వెనక నుంచి ఆనించి పట్టుకున్నారు.

"ముందుకు పోయి చూడు. ఏం కనిపిస్తా ఉంది?"

చూశాను. తోలు గుండా వెలుగు వస్తేనే బొమ్మకి రంగు. రెండు తోళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాక వెలుగు దాటలేదు. కిరీటం లేదు, విల్లు లేదు, పది తలలూ లేవు. గుడ్డ మీద నల్లటి మరక ఒకటి ఉంది.

"ఏమీ లేదు సామీ. నలుపు."

ఆయన రావణుణ్ణి పక్కకి జరిపారు. ఇద్దరూ ఒక్కసారే వెలిగారు.

"ఇప్పుడు?"

"ఇద్దరూ ఉన్నారు."

"అంతే" అని దీపం ఆర్పేశారు.

నాకు ఏమీ తట్టలేదు. నల్ల కారు వద్దంటున్నారేమోనని ఒక అనుమానం మాత్రం వచ్చింది. ఈరన్నతో అంటే నవ్వాడు. "నలుపు పనికిరాదంటే నన్నెందుకు ఇన్నాళ్లు మద్దెల ముందర కూచోబెట్టుకుంటాడ్రా?" అన్నాడు. అది సబబుగానే తోచింది. నల్లదే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

మూడో శనివారం పొద్దున్నే రెండు పెట్టెలతో, నలుగురం, అద్దె ఆటో ట్రాలీలో యార్డుకి చేరాం. కారు తీసుకుని అటునుంచి అటే రిసార్టుకి పోవాలని నా పథకం. యార్డు నడిపే ఇంతియాజ్‌ది చింతామణి, తెలుగు బాగా మాట్లాడతాడు. నల్ల కారు కడిగి, తుడిచి సిద్ధంగా పెట్టాడు. వెనక తలుపు తెరిచాం. నేనూ ఈరన్నా రాముడి పెట్టె పెట్టాం. దాని పక్కన రావణుడి పెట్టె పెట్టబోతే, పట్టలేదు. చక్రాల మీది గూళ్లు రెండు వైపులా లోపలికి ఉబ్బి ఉన్నాయి. పెట్టెలకి పక్కపక్కన మూడున్నర అడుగులు కావాలి, ఉన్నది మూడడుగుల చిల్లర. అటు తిప్పాం, ఇటు తిప్పాం. పట్టలేదు. ఆరు వందల నలభై లీటర్లూ పైకప్పు దాకా ఖాళీగా ఉన్నాయి.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. నేను పైకి కొలిచాను. పెట్టె మీద పెట్టె పెట్టేవాళ్ల లెక్క అది.

"దానికేముంది తమ్ముడూ" అన్నాడు ఇంతియాజ్. "ఒకదాని మీద ఒకటి పెట్టు. దేవుణ్ణే పైన పెట్టు, పుణ్యం కూడా."

నాకూ అదే నయమనిపించింది. మార్కులు ఎనభై నాలుగు వచ్చిన కారు. గురువుగారి వైపు చూడకుండా రావణుడి పెట్టె కిందికి నెట్టి, దాని మీద రాముడి పెట్టె ఎక్కించాను. చక్కగా పట్టింది. వెనక తలుపు వేసి తిరిగి చూస్తే, గురువుగారు చెప్పులు విప్పి నీడలో చాప మీద కూర్చుని ఉన్నారు. ఎక్కే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"పోదాం సామీ."

"మీరు పోండి. నేను బస్సులో వస్తాను" అన్నారు, ఎన్నడూ బొమ్మల్ని వదిలి వేరే బండెక్కని మనిషి.

ఇంతియాజ్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. "పెద్దాయనా, రాముడు పైనే కదా ఉన్నాడు. ఇంకేం కావాలి మీకు?"

గురువుగారు అతని వైపు మంచి కుతూహలంగా చూశారు. "పెట్టెలోనే గెలిచేసినాక, తెర మీద గెలిచేదానికి ఏముంటాది నాయనా?" అన్నారు.

షెడ్డులో చూసిన నల్లటి మరక నాకు అప్పుడు మళ్లీ కనిపించింది.

నేను పెట్టెలు దింపాను. టేపు పట్టుకుని తెల్లదాని నేల కొలిచాను. పట్టదు. బూడిదరంగుదాని నేల కొలిచాను. గూళ్లు బయటికే ఉన్నాయి. రెండు పెట్టెలూ పక్కపక్కన దిగాయి, మధ్యలో రెండు వేళ్ల సందు మిగిలింది. ఇంతియాజ్ తల పట్టుకున్నాడు. "ఇదా? దీన్ని ఇక్కడ ఎవరూ కొనరు తమ్ముడూ. ఇంటి ముందు ఆపితే, శవాల బండి అనుకుని, లోపల ఎవరు పోయారని అడుగుతారు."

"రావణుడు పోతాడు. రోజూ పోతాడు" అన్నాడు ఈరన్న.

నలుగురం ఎక్కి ఎక్కుడు దారిలో ఒక చుట్టు తిప్పి చూశాం. మెల్లిగానే లాగింది, కానీ ఎక్కడా తడబడలేదు, మలుపుల్లో పెట్టెలు చప్పుడు చేయలేదు. లెక్క మార్చాను. పైకి కాకుండా నేల మీద కొలిస్తే, జాగా మార్కులు తారుమారయ్యాయి. లెక్క తప్పు కాదు. కొలత తప్పు. ఈ రెండూ ఒకటి కావని అంత లెక్కలొచ్చిన నాకు ఆ యార్డులో తెలిసింది.

డబ్బు పంపడానికి ఫోను తీశాను. అదే సమయానికి రిసార్టు మేనేజరు ఫోను చేశాడు. అందరూ వినేలా స్పీకరు పెట్టాను.

"బ్రదర్, చిన్న మార్పు. పోయిన వారం రావణుణ్ణి చూసి గెస్టుల పిల్లలు ఏడ్చారు. ఇకనుంచి ఇరవై నిమిషాలు చాలు, దేవుళ్లు మాత్రమే. ఒక పెట్టె తెచ్చుకోండి. వెనక గేటుకి వచ్చెయ్యండి, సెక్యూరిటీకి చెప్పి పెట్టాను."

రుక్మాబాయి అక్క ఫోను మీదికి వంగింది. "పిల్లలు ఏడ్చిన మాట నిజమే సార్. ఆట అయిపోయిందని ఏడ్చినారు."

"మేడమ్, నాకు పైనుంచి ఆర్డరు. ఇష్టమైతే రండి, లేకపోతే ఒప్పందం సంగతి సోమవారం మాట్లాడుకుందాం."

సోమవారం ఏం మాట్లాడతారో నాకు తెలుసు. ఇంతియాజ్‌కి కూడా తెలిసింది. మెల్లిగా నల్లదాని తాళం నా చేతిలో పెట్టాడు. "ఒక్క పెట్టే కదా ఇక. దీంట్లో హాయిగా పడుతుంది. పికప్ కూడా ఉంది."

ఒక చేతిలో నల్లదాని తాళం, ఇంకో చేతిలో ఫోను. ఆ ఒప్పందం లేకపోతే ఇంత డబ్బు కారులో పోయడం తెలివితక్కువ పని. రావణుణ్ణి ఇంట్లో వదిలేస్తే ఒప్పందం ఉంటుంది, మంచి కారుంటుంది, ఏడాది పొడుగునా కూరగాయల బస్తాల మధ్య నుంచి లోపలికి దారి ఉంటుంది. గురువుగారి వైపు చూశాను. ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. ఎటు పోవడానికో చెప్పలేదు. ఈసారి తెర కట్టమని కూడా అనలేదు.

"సార్" అన్నాను ఫోనులో. "రెండు పెట్టెలూ వస్తున్నాయి. ముందు గేటుకే వస్తున్నాయి. ఆట రెండు గంటలు, ముందు అనుకున్నట్టే."

"గేటు తీయకపోతే?"

"మీ గేటు ముందర రోడ్డు వెడల్పుగానే ఉంది. అక్కడే తెర కడతాం. మీ పిల్లలు బయటికొచ్చి చూస్తారు."

 మేనేజరు ఫోను పెట్టేశాడు. తీస్తానని అనలేదు, తీయనని కూడా అనలేదు.

నల్లదాని తాళం ఇంతియాజ్‌కి తిరిగిచ్చాను. బూడిదరంగుదానికి డబ్బు పంపాను. అతను కాగితాల మీద సంతకాలు చేయించి, డబ్బు అందిందని చూసుకుని, "మీ నలుగురికీ పిచ్చి" అన్నాడు. అని, తన మనిషిని పిలిచి, ముందు అద్దం ఇంకోసారి తుడిపించాడు.

రుక్మాబాయి అక్క, ఈరన్న వెనక కూర్చున్నారు. గురువుగారు నా పక్కన కూర్చున్నారు. వెనక పెట్టెలు రెండూ ఒకే ఎత్తులో, ఒకదాన్నొకటి తాకకుండా ఉన్నాయి. రిసార్టు గేటు అక్కణ్ణుంచి గంట దూరం. తాళం తిప్పాను. ఇంజను వెంటనే అందుకుంది. నా చెయ్యి మాత్రం గేరు మీద ఆగిపోయింది.

"వాళ్లు గేటు తీయకపోతే ఒప్పందం పోయినట్టే సామీ" అన్నాను.

"విభీషణుడు ఏ పెట్టెలో ఉన్నాడు?"

"రావణుడి పెట్టెలో."

"అయితే ఆట ఇంకా కాలేదు" అన్నారు గురువుగారు. "బండి తియ్యి."