దయాకర్ తెప్పించిన ఖరీదైన పేస్టు

దయాకర్ కట్టిన కంప్యూటర్ మూడు రోజులకే షాపుకి తిరిగొచ్చింది.

నెల్లూరులో మస్తాన్ గారి దగ్గర మూడేళ్లుగా పని నేర్చుకుంటున్నాడతను. ఉస్తాద్ చెయ్యి పడకుండా మొత్తం తనే కట్టింది ఇదే మొదటిది. కొనుక్కున్నది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పెంచలయ్య. పట్టుమని పది నిమిషాలు నడవదు, ఆగిపోతుంది.

"సాయంత్రంలోగా బాగుచెయ్. లేదంటే నీ పనితనం ఊరంతా చెప్తా," అని బల్ల మీద పెట్టి పోయాడు పెంచలయ్య.

అసలు దాంట్లోకి థర్మల్ పేస్టు ఎంచడానికే మనవాడికి రెండు వారాలు పట్టింది. ప్రాసెసర్ వేడిని పైనున్న రాగి దిమ్మెకి అందించే పూత అది, అంతే. దానికి వీడియోలు చూశాడు, పట్టికలు రాశాడు, హైదరాబాద్ నుంచి తెప్పించాడు. ఉస్తాద్ వాడే తెల్ల పేస్టు చూసి "ఈ కాలంలో ఇదెవరు వాడతారు ఉస్తాద్?" అని నవ్వాడు కూడా. చుక్క పెట్టాలా, అడ్డగీత పెట్టాలా అని ఒక రోజంతా బుర్ర తిన్నాడు.

"నీ ఇష్టం అబ్బయ్యా," అన్నారప్పుడు మస్తాన్ గారు.

ఇప్పుడాయన మూత తీసి ఆన్ చేశారు. నాలుగు నిమిషాల్లో ప్రాసెసర్ వేడి తొంభై అయిదు డిగ్రీలు చూపించింది.

"దిమ్మె ముట్టుకో."

దయాకర్ భయపడుతూనే వేలు పెట్టాడు. చల్లగా ఉంది.

"పేస్టు చాల్లేదేమో ఉస్తాద్. ఇంకాస్త వేస్తా."

మస్తాన్ గారు కరెంటు ఆపి, స్క్రూలు విప్పి, దిమ్మెని తిరగేసి అతని చేతిలో పెట్టారు. ఒక గుడ్డముక్క ఇచ్చారు.

తుడిచాడు. పేస్టంతా పోయినా రాగి మెరవలేదు. అంచున గోటితో గీకితే పల్చటి ప్లాస్టిక్ పొర లేచింది. గీతలు పడకుండా కంపెనీవాళ్లు అంటించేది. బిగించేముందు తీసెయ్యమని దాని మీద ఎర్రక్షరాలతో రాసి మరీ ఉంది.

ఓరి దేవుడా! దయాకర్‌కి తలెత్తాలంటే సిగ్గేసింది.

"ఏ పేస్టు వెయ్యమంటారు?" అన్నాడు మెల్లగా.

"అంత వెతికి తెచ్చావుగా, అదే వెయ్యి. ఈసారి రాగికి తగలనియ్యి."

వేశాడు. గంటసేపు నడిపినా వేడి అరవై దాటలేదు. ఇంతలో పెంచలయ్య ఫోన్ చేశాడు.

"ఏమైందంట దానికి?"

ప్రాసెసరే తేడాగా వచ్చిందన్న మాట దయాకర్ నాలుక చివరిదాకా వచ్చింది. మస్తాన్ గారు అటు తిరిగి టీ తాగుతున్నారు.

"నాదే తప్పన్నా. కింద ప్లాస్టిక్ తియ్యకుండా బిగించేశా."

పెంచలయ్య తిట్టాల్సినవన్నీ తిట్టి, వచ్చి తీసుకుపోతానన్నాడు. దయాకర్ ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు.

మస్తాన్ గారు గ్లాసు కింద పెట్టి, కేబినెట్ మూత అందించారు.

"ఇంక బిగించు," అన్నారు.