కాకి నీలాలు, ముసలి కంప్యూటరు

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదర్రా పిల్లలూ! అడవిలోకి కూడా ఇంటర్నెట్ వచ్చేసిన కాలం. ఒక కొండ, దాని కింద ఒక అడవి, అడవి మధ్యలో ఒక వాగు. వాగు ఒడ్డున మెరక మీద పాడుబడిన కాపలా గది ఒకటుండేది. కాపలావాళ్ళు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఒక కంప్యూటర్‌ని అక్కడే వదిలేశారు. గది మీద ఎండతో కరెంటు పుట్టించే పలక ఉంది కాబట్టి అది ఇంకా బతికే ఉంది.

బతికే ఉందంటే ఉంది, అంతే! స్విచ్ నొక్కితే బుర్రుబుర్రుమని మూలిగేది. తెర వెలిగేలోపు కాకి నీలాలు వెళ్ళి, రెండు పురుగులు ఏరుకు తిని, ముక్కు కొమ్మకి రుద్దుకుని, తీరిగ్గా తిరిగొచ్చేది.

ఆ కంప్యూటర్ నడిపేది నీలాలే. ముక్కుతో టకటకా మీటలు నొక్కడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. పని కూడా చిన్నదేం కాదు. కొండ మీద కొండముచ్చు మాణిక్యం ఉండేవాడు. ఎవరో పారేసుకున్న ఫోను వాడికి దొరికింది. పైన నీళ్ళు పొంగగానే, "నీలాలత్తా, వాగు వస్తోంది!" అని కబురు పంపేవాడు. నీలాలు అది చదివి కావుకావుమని అడవంతా చాటేది. ఇసుక ఒడ్డులో బొరియలున్న కుందేలు చుక్కమ్మ ఆ అరుపు వినగానే పిల్లల్ని తరుముకుంటూ మెరక మీదికి పరుగెత్తేది. ఒక్కసారి కబురు అందకపోయిందా, బొరియలతో సహా అందరూ మునిగిపోతారు.

ఒక ఎండాకాలం చివర్లో తెర మీద పెద్ద అక్షరాలు కనిపించాయి.

"ఈ కంప్యూటర్‌లోని సిస్టమ్ పాతబడిపోయింది. ఇకమీదట అప్‌డేట్లు రావు. కొత్తగా దొంగదారులు పుడితే మూసేవాళ్ళు లేరు."

నీలాలు గబగబా అందర్నీ పిలిచింది.

"పాతదైతే వాగులో పడేద్దాం. పీడా పోతుంది!" అంది దుప్పి.

"ఇన్నాళ్ళూ ఏమైంది గనక? అలాగే వాడుకుందాం," అన్నాడు అడవికోడి.

"పడేస్తే చుక్కమ్మ పిల్లలకి కబురెవరు చెప్తారు? అలాగే వాడితే దొంగలెవరైనా దూరరూ?" అంటూ నీలాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పుడు జెర్రిపోతు తాత చుట్ట విప్పుకుని ముందుకొచ్చాడు.

"ఓసి పిచ్చిపిల్లా! నా చర్మమూ పాతబడుతుంది. అలాగని నన్ను పారేశారా? కుబుసం విడిచి నిగనిగలాడుతూ రావట్లేదూ? పెట్టె పాతదే ఉండనీ. లోపలి సిస్టమ్ మార్చు. ముసలి పెట్టెలు మోయగలిగే తేలిక సిస్టమ్‌లు ఉన్నాయి. వాటికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి."

"మరి లోపల దాచుకున్నవి పోతాయేమో తాతా!" అంది నీలాలు. ఏ బొరియలో ఎవరున్నారో గీసిపెట్టుకున్న పటం అందులోనే ఉంది మరి. వరదప్పుడు ఎవర్నీ మరిచిపోకూడదు కదా!

"నేను లేనూ?" అంటూ ఉడుత ఒక్క గెంతు గెంతింది. "గింజలన్నీ ఒకేచోట దాచే ఉడుతని ఎక్కడైనా చూశావా పిన్నీ? ముందు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. అది నా తొర్రలో పెడతాను. ఆ పటం మాత్రం ఇక కంప్యూటర్‌లో ఉంచొద్దు, బెరడు మీద గీసి నా తొర్రలోనే దాస్తాను. నలుగురూ తొంగిచూసే చోట మన ఇళ్ళ గుర్తులెందుకు?"

అలాగే చేశారు. మాణిక్యం తన ఫోనులోకి దించుకున్న కొత్త సిస్టమ్‌ని కొండదిగి తెచ్చి ఎక్కించాడు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నీలాలు స్విచ్ నొక్కి, అలవాటు కొద్దీ పురుగుల కోసం ఎగరబోయింది. రెక్క విప్పిందో లేదో, తెర తళుక్కున వెలిగింది!

"వచ్చేసింది! వచ్చేసింది!" అని అడవంతా ఒకటే గోల. జెర్రిపోతు తాత అయితే ఆనందం పట్టలేక తోకమీద నిలబడ్డాడు.

అడవికోడికి ఉత్సాహం ఆగలేదు. "పాటలు పెట్టు! ఆటలు ఎక్కించు!" అన్నాడు.

"ఆగాగు!" అని గిజిగాడు అడ్డం పడ్డాడు. "నా గూడు చూశావా? గుమ్మం ఒక్కటే. అదీ సన్నగా, కిందనుంచి. ఇక్కడ ఎక్కించిన ప్రతిదీ ఒక కొత్త గుమ్మమే. మనకు కావలసింది కబుర్ల కిటికీ, వాన సంగతులు చూసుకునే బ్రౌజరు. మిగతా దారులన్నీ మూసేద్దాం. అప్‌డేట్ వచ్చిందంటే మాత్రం వాయిదా వెయ్యకు. చిరుగు కనబడగానే నేను పోచ దూర్చేస్తాను చూడు, అలాగన్నమాట."

అన్నీ అయ్యాక గిజిగాడు నీలాలు వైపు ఓరగా చూశాడు. "ఇంకొక్క మాట వదినా. ఎవరు పెట్టారో తెలియని గుడ్డు పొదగకు."

అంతే! అందరూ కిసుక్కున నవ్వారు. ఏటా కోయిల వచ్చి నీలాలు గూట్లో గుడ్డు పెట్టిపోతుంది. నీలాలు తనదే అనుకుని పొదుగుతుంది, మేపుతుంది. తీరా రెక్కలొచ్చాక ఆ పిల్ల కుహూ అనేసి ఎగిరిపోతుంది. నీలాలు మొహం చిన్నబోయింది. కోపమూ వచ్చింది. "నాకు ఆమాత్రం తెలియదా!" అని విసవిసా వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం కుండపోతగా కురుస్తోంది. కంప్యూటర్ టింగుమంది. నీలాలు ఒక్క ఉదుటున వచ్చి వాలింది.

"నీలాలూ, నేను మాణిక్యాన్ని. నీ కంప్యూటర్‌లో వైరస్ దూరింది. కింది ఫైలు వెంటనే తెరువు. తెరవకపోతే నా కబుర్లు ఇక నీకు అందవు!"

బయట వాన. ఒడ్డున చుక్కమ్మ పిల్లలు. కబుర్లు అందకపోతే ఎలా? ఆలోచించడానికి వ్యవధి ఏదీ? నీలాలు ముక్కు వంచింది. మీట మీదికి దించింది. ఇంకొక్క రవ్వంత దించితే చాలు...

టక్కున ఆగిపోయింది. నీలాలూ? మాణిక్యం ఏనాడైనా తనను ఉత్త పేరు పెట్టి పిలిచాడా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నీలాలత్తా అనే కదా పిలుస్తాడు!

"అమ్మో! ఇది నా గూటి గుడ్డు కాదు!" అనుకుంది.

ఆ ఫైలు జోలికి పోలేదు. మాణిక్యంతో ఎప్పుడూ మాట్లాడుకునే కిటికీ తెరిచి టకటకా కొట్టింది. "ఒరే మాణిక్యం, ఇప్పుడు నాకేమైనా పంపావట్రా?"

జవాబు వెంటనే వచ్చింది. "లేదత్తా! ఏం వచ్చినా ముట్టుకోకు, చెరిపెయ్!" అంతలోనే ఇంకొకటి. "అయ్యో అత్తా, నీళ్ళు! కొండవాలు మీద ఎర్రగా దూకుతున్నాయి! పరుగెత్తమను, పరుగెత్తమను!"

ఇక చూడాలి నీలాలు ఎగురుడు! వాన రెక్కల్ని చరుస్తున్నా లెక్కచేయలేదు. "కావ్! కావ్! వాగొస్తోంది!" అని ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకి తిరిగింది. ఉడుత తొర్రలోని పటం చూసి వచ్చి బొరియ బొరియకీ పేరుపేరునా పిలిచింది. చుక్కమ్మ ఆఖరి పిల్లని మెరక ఎక్కించిందో లేదో, నీళ్ళు హోరుమంటూ వచ్చి బొరియల్ని ముంచేశాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు!

అందరూ కాపలా గదిలో చేరారు. అప్పుడు గుమ్మంలోకి గుంటనక్క వచ్చింది. ఒళ్ళంతా నీళ్ళు కారుతోంది. నోట ఒక పిల్ల, కాళ్ళ దగ్గర మిగతా పిల్లలు. వాగు ఒడ్డునే ఆమెకూ ఒక బొరియ ఉంది. నోట్లో పిల్లని దించి తల వంచుకుంది.

"ఆ ఫైలు పంపింది నేనే నీలాలూ. నాకూ ఒక ఫోను దొరికింది. కుందేళ్ళ బొరియల పటం ఇంకా ఇందులోనే ఉందనుకుని దొంగిలిద్దామనుకున్నాను. కంప్యూటర్ మూగబోయినా నాకేంటి అనుకున్నాను. కానీ ఇవాళ నా పిల్లలు బతికింది నీ కేక వినే. నువ్వు అది తెరిచుంటే..."

నీలాలుకి మండిపోయింది. కానీ చలికి గజగజలాడుతున్న నక్క పిల్లల్ని చూసి మనసు కరిగింది.

"సరే, లోపలికి రా. పిల్లల్ని ఆరబెట్టుకో. కుందేళ్ళ వైపు మాత్రం చూశావో! ఈ మీటల వైపు చూసినా అంతే, పొడిచేస్తాను!" అంది.

వాన వెలిసింది. నీలాలు గూటికి పోయి చూసుకుంటే, గుడ్ల మధ్య ఒకటి కాస్త చిన్నగా, రంగు తేడాగా కనిపించింది. నీలాలు తల అటు వంచి, ఇటు వంచి చూసింది.

"నిన్నెవరు పెట్టారో నాకు తెలుసులేవే! కంప్యూటర్‌లో వచ్చుంటే తెరిచేదాన్నే కాదు. ఇది గూడు కాబట్టి సరిపోయింది," అంటూ దాన్నికూడా రెక్కల కిందికి లాక్కుని, వెచ్చగా కూర్చుంది.

నీతి: పాతదని పారేయనక్కర్లేదు, పనిచేస్తోంది కదా అని గాలికి వదిలేయనూ కూడదు, ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటూ, వచ్చిందెవరో తెలుసుకున్నాకే తలుపు తీయాలి.