ఓబులేసు పిడికిలి

చుక్కిని బతికించుకోవడానికి ఓబులేసుకు ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి. అందుకే ఆ కుక్కను వెంటబెట్టుకుని, ముళ్లనక రాళ్లనక చౌడవ్వ గుట్ట ఎక్కి వచ్చాడు.

చౌడవ్వ అంటే ఆ గుట్ట మీద ఊట పక్కన గుడిసె వేసుకున్న ముసలమ్మ. పాళెగాళ్ల కాలం అది. చుట్టుపక్కల పాళేల్లో ఆమె దగ్గర ఉపదేశం పొందినవాళ్లున్నారు గానీ, అడగ్గానే ఇచ్చే మనిషి కాదు. ఒకాయన మూడేళ్లు కట్టెలు కొట్టి, చివరికి "నువ్వింక పో నాయనా" అనిపించుకుని దిగిపోయాడు.

ఓబులేసు వస్తూనే ఆమె కాళ్ల మీద పడ్డాడు. "అవ్వా, నన్ను శిష్యునిగా పెట్టుకో. ముందు నా కుక్కకొక మంత్రం చెప్పు. అది కుందేలును నోట కరిచేట్ల చెయ్యి. కరవకపోతే దొర దాన్ని చంపిస్తాడు."

"కుక్కకు మంత్రమా!" అంది చౌడవ్వ. "లెయ్యి. కూచొని మొదట్నుంచీ చెప్పు."

ఓబులేసు పన్నెండేళ్లుగా తిమ్మానాయుడు దొర వేటకుక్కల్ని సాకుతున్నాడు. కుక్కల మాట వస్తే చాలు, ఒళ్లు మరిచిపోతాడు. ఇంత ఆపదలోనూ అదే పని చేశాడు.

"పరుగుకుక్క అని ఉంటాదవ్వా, ఈ చుక్కి మాదిరి. నడుము సన్నం, రొమ్ము లోతు. దాని వేటంతా కంటితోనే. జంతువు కంటికి ఆనినంతసేపు గాలిలో పోతాది. పొద మాటుకు పోయిందా, నిలబడిపోతాది. వాసనకుక్క అట్ల కాదు. చెవులు నేలకు రాస్తా నిదానంగా పోతాది గానీ, నిన్నటి అడుగును గూడా ఇడిచిపెట్టదు. పందికుక్క ఉండాదే, దాని దవడ పట్టిందంటే పట్టిందే. ఇంగ నీళ్లకుక్క! చెరువులో పడిన బాతును పన్ను గాటు లేకుండా తెచ్చి చేతిలో పెడతాది. ఒక్క చూపు చాలు నాకు, ఏది ఏ పనికి పుట్టిందో చెప్పేస్తా."

గుడిసె ముందు పసుపుపచ్చ ఊరకుక్క ఒకటి పడుకుని ఉంది. దానికి ఒక చెవి చినిగింది.

"అయితే ఇది ఏ పనికి పుట్టిందిరా?" అని అడిగింది అవ్వ.

ఓబులేసు దాన్ని చూసి మూతి తిప్పుకున్నాడు. "దానికి జాతీ లేదు, పనీ లేదు. పిలిస్తే గూడా పలికే రకం కాదది."

"నిజమే. నేను పిలిచినా పలకదు" అంది అవ్వ, దాని వైపు ముద్దుగా చూస్తూ.

అప్పటికి గానీ ఓబులేసు అసలు సంగతికి రాలేదు. పోయిన వేటకు పక్క పాళెం దొర చుట్టపుచూపుగా వచ్చాడు. చుక్కి కుందేలును తరిమింది, దాటింది, కింద పడేసి దాని మీద కాలు మోపింది. అంతే! తోక ఊపుతూ నిలబడింది. కుందేలు లేచి దులుపుకుని తన దోవన తాను పోయింది. చుట్టం దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. తిమ్మానాయుడి మొహం కందగడ్డ అయింది.

తిమ్మానాయుడి పాళెంలో ఒక పాడు ఆనవాయితీ ఉంది. పరువు తీసిన వేటకుక్కను ఉరేస్తారు. ఆ తాడు లాగాల్సింది కూడా దాన్ని సాకినవాడే. ఓబులేసు ఏడ్చి మొత్తుకుంటే, అమావాస్య నాడు మరొక్క అవకాశం ఇస్తానన్నాడు దొర.

"చిన్నపిల్లప్పుడు దీన్ని నా దుప్పట్లో పండబెట్టుకున్న్యానవ్వా" అన్నాడు ఓబులేసు, కళ్లు తుడుచుకుంటూ.

"వేటలో నీ పనేమిరా?"

ఆ మాటకు మళ్లీ వాడి రొమ్ము ముందుకొచ్చింది. "కుక్క తోలువారు పట్టేది నేనే గదా! మెడపట్టీ కడియంలో దాన్ని దూర్చి, రెండు కొసలూ పిడికిట్లో పట్టుకుంటా. దొర 'వదులు' అంటాడు. ఒక కొస జారిస్తా, కుక్క దూకుతాది. దొర మాట ముగిసేలోగానే నా చెయ్యి తెరుచుకుంటాది. ఏడు పాళేల్లో ఇంత చురుకైన చెయ్యి లేదు, కావాలంటే పందెం!"

చౌడవ్వ లేచి లోపలికి పోయి నిండు నీళ్లకుండ తెచ్చింది. ఓబులేసు చేతుల్లో పెట్టింది. చుక్కి పగలు ఏం తింటుంది, రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని తీరిగ్గా అడుగుతూ, మధ్యలో అంది: "వదులు."

కుండ నేల మీద పడి పెంకులైంది. నీళ్లు వాడి కాళ్ల మీదుగా పారిపోయాయి.

అవ్వ వంగి పెంకులు ఏరుకుంది. ఈమెకు మతి చలించింది రా దేవుడా అనుకున్నాడు ఓబులేసు.

ఆ రోజు నుంచీ కుందేలు తోలుకు తాడు కట్టి ఈడుస్తూ, చుక్కిని దాని మీదికి ఉసిగొల్పాడు. అది ఉరికేది, అందుకునేది, కాలు మోపి తోక ఊపేది. కొరడా ఎత్తితే వచ్చి చెయ్యి నాకేది. ఎనిమిదో రోజు ఓబులేసుకు కడుపు మండిపోయింది.

"నువ్వేం గురువువవ్వా? మంత్రం అడిగితే లేదు. ఉన్న ఒక్క కుండనూ పగలగొట్టిస్తివి!"

"పగలగొట్టింది ఎవుర్రా?"

"నువ్వే గదా వదలమంటివి!"

"ఆహా" అంది అవ్వ, సంగటి కెలుకుతూ.

మరుసటి రోజు అమావాస్య. ఓబులేసు తిరిగి రాలేదని దొరే గుట్ట కిందికి కదిలి వచ్చాడు, గుర్రం మీద. వెంట పదిమంది బంట్లు, ఎనిమిది వేటకుక్కలు, బుట్టలో కుందేలు. వేపకొమ్మకు తాడు ముందే కట్టించాడు. చౌడవ్వ కూడా దిగి వచ్చి ఒక బండ మీద కూర్చుంది.

ఓబులేసు చుక్కి మెడపట్టీలో వారు దూర్చి నిలబడ్డాడు. బుట్ట తెరిచారు. కుందేలు దూకింది. చుక్కి ఒళ్లంతా ముందుకు లాగింది.

"వదులు!" అన్నాడు దొర.

పన్నెండేళ్ల అలవాటు. చిటికెనవేలు లేచింది. ఉంగరపు వేలు లేచింది. అప్పుడు ఓబులేసుకు వేపకొమ్మ కనిపించింది. చుక్కి ఉరుకుతుంది, కాలు మోపుతుంది, తోక ఊపుకుంటూ తన దగ్గరికే వస్తుంది. దొర ఇంకో మాట అంటాడు. లాగు అంటాడు. ఆ మాట ముగిసేలోగా ఈ చెయ్యి ఏం చేస్తుందో తలుచుకున్నాడు.

లేచిన వేళ్లు రెండూ మళ్లీ ముడుచుకున్నాయి.

"వదలరా! చెవుడా నీకు?"

"వదల్ను" అన్నాడు ఓబులేసు. పిడికిలి మరింత బిగించాడు. "ఇది కరవదు దొరా. దీనికి పరుగు గావాల, నెత్తురు వద్దు. నేను దీన్ని వదల్ను, ఆ తాడూ లాగను. నీ చేతనైంది చేసుకో."

ఈలోగా కుందేలు పొదల్లో పడి మాయమైంది. తిమ్మానాయుడికి నెత్తి మీద నిప్పులు పోసినట్టయింది. "వీని మీదికి ఇడవండిరా అన్నిటినీ!" అని అరిచాడు.

బంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొర మాట, ఏం చేస్తారు? వదిలారు.

పరుగుకుక్కలు ముందు వచ్చాయి. వచ్చి ఓబులేసు చుట్టూ గిరగిరా తిరిగాయి. వాసనకుక్కలు నేల మూచూసుకుంటూ వచ్చి వాడి పాదాలు నాకాయి. అన్నిటికన్నా వెనక పందికుక్క వచ్చింది. అది తన బండ తలకాయను తెచ్చి వాడి మోకాలికి ఆనించి, తొమ్మిది రోజులు యాడికి పోయినావురా అన్నట్టు మూలిగింది. ఓబులేసు అక్కడే కూలబడి ఏడ్చేశాడు.

దొర పేరుపేరునా పిలిచాడు. ఒక కుక్క చెవి ఇటు తిప్పింది, మళ్లీ అటు తిప్పేసుకుంది. బంట్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు. దొర చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది.

"ఎన్ని తలకాయలు నరుకుతావు నాయనా?" అంది చౌడవ్వ, కూర్చున్నచోటు నుంచే. "తొమ్మిది కుక్కలు, ఒక మనిషి. మీదట ఆ నవ్వినోడు గూడా ఉండాడే!"

దొర బంట్ల వైపు చూశాడు. పదిమందీ నేల చూపులు చూస్తున్నారు. ఒక్కడూ ముందుకు కదల్లేదు.

"రేపట్నుంచి ఈ గుట్టకు నా పాళెం గింజ ఎక్కదు!" అన్నాడు దొర.

"నీ గింజ ఎప్పుడెక్కిందని, ఇప్పుడు నిలిచిపోయేదానికి?" అంది అవ్వ.

తిమ్మానాయుడు గుర్రాన్ని తిప్పేశాడు. బంట్లు ఉత్త వార్లు చుట్టుకుంటూ వెనకాలే పోయారు. పోతూ పోతూ ఒకడు వేపకొమ్మ మీది తాడును విప్పుకుని పోయాడు.

కుక్కలన్నీ నాలుకలు వేలాడేసి రొప్పుతూ గుట్ట ఎక్కాయి. గుడిసె ముందు ఊరకుక్క తల ఎత్తి చూసి, మళ్లీ పడుకుంది. అవ్వ లోపలి నుంచి కుండ తెచ్చింది. కొత్తది. కుమ్మరి ఇంటికి ఎప్పుడు పోయి వచ్చిందో ఏమో. ఓబులేసు చేతుల్లో పెట్టి, వాడి కళ్లలోకి చూసింది.

"వదులు" అంది.

ఓబులేసు కుండను రొమ్ముకు హత్తుకున్నాడు. "వదల్నవ్వా."

"నేను చెప్పినా?"

"నువ్వు చెప్పినా!"

చౌడవ్వ బోసినోటితో పకపకా నవ్వింది.

"మంత్రం ఇంగ నీకెందుకురా? పో, కుక్కలకు నీళ్లు తేపో."