పసిపాదాల చల్లదనం

వైద్యయంత్ర విద్యను బోధించే భోగీశ్వరంగారికి కూర్చుని సమాధానం చెప్పే అలవాటు లేదు. ప్రశ్న వినగానే చెప్పులు తొడుక్కునేవారు; అడిగినవాడు వెంట నడవవలసిందే.

ఒకనాడు శిష్యుడు తారకేశ్ అడిగాడు: "గురువుగారూ, యంత్రాన్ని కల్పించినవాడు స్రష్ట. ఆసుపత్రిలో దానికి కాపలా కాసేవాణ్ణి కూడా ఇంజనీరనడం న్యాయమా?"

ఆచార్యులు అతణ్ణి తాము యంత్రాలు చూసే ఆసుపత్రికి, నవజాత శిశువుల వార్డులోనికి తీసుకుపోయారు. నెలలు నిండకుండా పుట్టిన ఆడశిశువు ఒకతె అక్కడ వార్మర్ కింద ఉన్నది. శిశువు పొట్టపై అంటించిన సెన్సర్ ఒంటివేడిని తెలుపుతూ ఉంటే, తదనుగుణంగా పైనున్న హీటర్ సెగను పెంచుకొనడమో తగ్గించుకొనడమో ఆ యంత్రం ధర్మం.

తారకేశ్ ఒక్కొక్క భాగమే పరీక్షించి, "యంత్రం నిర్దోషం సిస్టర్" అన్నాడు.

"మీ మిషను బంగారమే బాబూ! పసిదాని కాళ్ళే ఐసుముక్కల్లా ఉన్నాయి. నన్నెవర్ని నమ్మమంటారు?" అన్నది నర్సు సలోమి.

గోడవారగా నిలిచిన తల్లి, "నా బిడ్డ దక్కుతుందా అయ్యా?" అని అడిగింది.

భోగీశ్వరంగారు చేతులు కడుక్కొని, యంత్రం జోలికి పోక, శిశువు పాదాలు తాకి చూశారు. చంకలో థర్మామీటర్ పెట్టించారు. తెరమీది అంకెకన్న అది చాలా తక్కువ చూపింది.

"సెన్సర్‌ మీద వేసే వెండిరంగు స్టిక్కర్ ఏదమ్మా?"

"అయిపోయాయండీ. స్టోరువాళ్ళు ఇంకా పంపలేదు. అందాకా అందరు బిడ్డలకీ మామూలు ప్లాస్టరే వేస్తున్నాం. అంటుకుంటే చాలు కదా అనుకున్నాం."

పైసెగను మళ్ళించే వెండిపొర లేనందున హీటర్ సెన్సర్‌నే కాచింది. శిశువు వెచ్చగా ఉన్నదని సెన్సర్ తెలిపింది. ఆ మాట నమ్మి యంత్రం వినయంగా సెగ తగ్గించుకొన్నది.

డాక్టరు వచ్చి శిశువును తల్లి రొమ్ముకు హత్తించి దుప్పటి కప్పించింది. ఆచార్యులు తామే స్టోరుకు పోయి స్టిక్కర్లు తెచ్చారు. కొంతసేపటికి పాదాలలో వెచ్చదనం తెలిసింది. తల్లి వాటిని అరచేతిలోనుంచి వదలలేదు.

తారకేశ్ పరికరాలు సర్దుకొని, "బోధపడింది గురువుగారూ. ఇక వెళదామా?" అన్నాడు.

భోగీశ్వరంగారు తాము తెచ్చిన స్టిక్కర్లు అతని చేతిలో పెట్టారు.

"పక్క బిడ్డ పాదాలు చూశావా?"